సీరం ఫెర్రిటిన్ ఎలీసా: కిట్ విప్పిన దగ్గర్నుంచి రిపోర్టు దాకా

ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ప్రోటీన్ ఫెర్రిటిన్. ఇనుము తగ్గుతున్నప్పుడు హిమోగ్లోబిన్ కంటే ముందే ఇది పడిపోతుంది కాబట్టి, గర్భిణుల రక్తహీనత మీద పనిచేసేవాళ్లకు దీని అవసరం ఎక్కువ. పెద్ద ఆసుపత్రుల్లో ఆటోమేటిక్ మెషిన్ దీన్ని కొలిచి పెడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న ల్యాబులకు, ప్రాజెక్టు కోసం సీరం దాచుకున్న విద్యార్థులకు మాత్రం 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో యాంటీబాడీలతో రంగు పుట్టించి ప్రోటీన్‌ను కొలిచే ఎలీసా కిట్టే అందుబాటులో ఉన్న దారి.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. అయినా అదే సీరం ఒకరి చేతిలో మిల్లీలీటరుకు 22 నానోగ్రాములు చూపిస్తే ఇంకొకరి చేతిలో 35 చూపిస్తుంది. కారణం వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతిసారీ ఒక్కచోటికే చేరతాం: స్టాండర్డుకు, అంటే ఫెర్రిటిన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణానికి, జరిగింది శాంపిల్‌కు జరగలేదు. వెల్‌లో అంకె ఉండదు, రంగే ఉంటుంది. ఆ రంగును స్టాండర్డు రంగుతో పోల్చి మనం అంకె కడతాం. రెండూ ఒకే వేడిలో, ఒకే సమయం నాని, ఒకే తీరుగా కడిగితేనే ఆ పోలిక చెల్లుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

కిట్ ఎంచుకోవడం

డబ్బా మీద ముందు చూడాల్సింది ధర కాదు. ‘రీసెర్చ్ యూజ్ ఓన్లీ’ అని ఉంటే అది ప్రాజెక్టులకు మాత్రమే. పేషెంట్‌కు రిపోర్టు ఇవ్వాలంటే లైసెన్సున్న ఐవీడీ (రోగ నిర్ధారణ పరీక్షల) కిట్ కావాలి. మన దేశంలో ఇవి 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తాయి.

కొనకముందే డీలర్‌ను అడిగి లోపలి కాగితం, అంటే ఇన్సర్ట్, తెప్పించుకుని చదవండి. స్టాండర్డ్లను డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణంతో సరిచూశారా అన్నది మొదటి ప్రశ్న. 94/572 లాంటి కోడ్ అక్కడ కనిపించాలి. రెండోది, సున్నా తర్వాతి స్టాండర్డు ఎంత? మనకు కావాల్సింది ఇనుము లోపానికి హద్దైన మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల దగ్గర తేడా తెలియడం. సున్నా తర్వాత నేరుగా 50 ఉన్న కిట్ 12కూ 18కీ మధ్య చెప్పేదంతా అంచనాయే. రక్తహీనత పనికి 10 గానీ అంతకంటే తక్కువ గానీ స్టాండర్డు ఉన్న కిట్ తీసుకోండి. పై కొస చాలా కిట్లలో 800 లేదా 1000 దగ్గర ఆగుతుంది.

హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చే కిట్‌ను ఎండాకాలంలో పొద్దున బస్సుకే వేయమనండి. మధ్యాహ్నం బస్సు డిక్కీలో థర్మోకోల్ డబ్బా ఎంతోసేపు ఆగదు. డబ్బా అందిన వెంటనే విప్పి ఐస్ ప్యాకులు ముట్టి చూడండి. కరిగినా చల్లగా ఉంటే పర్వాలేదు, గోరువెచ్చగా ఉంటే డీలర్‌కు అప్పుడే ఫోన్ చేయండి. గడ్డకట్టిన ప్యాకుకు ఆనుకుని కాంజుగేట్ (ఎంజైము తగిలించిన యాంటీబాడీ) సీసా గడ్డకట్టినా నష్టమే, ఎంజైము దెబ్బతింటుంది.

లోపల జరిగేది

వెల్ అడుగున ఫెర్రిటిన్‌ను పట్టే యాంటీబాడీ ఒకటి అతికి ఉంటుంది. కొన్ని కిట్లలో అడుగున స్ట్రెప్టావిడిన్ ఉండి, యాంటీబాడీకి బయోటిన్ తగిలించి ఉంటుంది. సీరంలోని ఫెర్రిటిన్ దానికి తగులుకుంటుంది. హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైము మోసుకొచ్చే రెండో యాంటీబాడీ పైనుంచి పట్టుకుంటుంది. మిగిలింది కడిగేస్తే, ఎంత ఫెర్రిటిన్ ఉంటే అంత ఎంజైము నిలుస్తుంది. టీఎంబీ అనే రంగు పుట్టించే ద్రావణం పోస్తే నీలం, దాన్ని ఆపే యాసిడ్ (స్టాప్ సొల్యూషన్) పోస్తే పసుపు. అంతే సంగతి.

రక్తం తీయడం, దాచడం

ఎర్ర మూత ట్యూబు గానీ, జెల్ ఉన్న పసుపు మూత ట్యూబు గానీ వాడండి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపేది) ప్లాస్మా పనికొస్తుందో లేదో ఇన్సర్ట్‌లో చూసి తేల్చుకోవాలి. ట్యూబును నిలబెట్టి అరగంట గడ్డకట్టనివ్వండి. తొందరపడి ముందే సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పే మెషిన్)లో తిప్పితే సీరంలో సన్నటి ఫైబ్రిన్ పోగులు మిగులుతాయి. అవి పైపెట్ టిప్పుకు అడ్డంపడి 20 మైక్రోలీటర్లకు బదులు 12 వస్తాయి, చూస్తే కంటికి తెలియదు.

సెంట్రిఫ్యూజ్ 1500 జీ (భూమి ఆకర్షణకు 1500 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు. అందరూ ‘3000 ఆర్‌పీఎం’ అని రాసుకుంటారు గానీ అది మెషిన్‌ను బట్టి మారుతుంది. రోటర్ మధ్య నుంచి ట్యూబు అడుగుకు 15 సెంటీమీటర్లుంటే 3000 ఆర్‌పీఎం అంటే సుమారు 1500 జీ. 10 సెంటీమీటర్ల చిన్న మెషిన్‌లో అదే 3000కు వెయ్యి జీ మాత్రమే. లెక్క ఇది: 0.00001118ని సెంటీమీటర్లలో ఉన్న వ్యాసార్ధంతో, ఆర్‌పీఎం వర్గంతో గుణించాలి. ఒకసారి చేసి మెషిన్ మూత మీద అంటించుకుంటే సరి.

సీరం ఎర్రగా కనిపిస్తే పక్కన పెట్టండి. ఎర్ర కణాలు పగిలితే వాటిలోని ఫెర్రిటిన్ కొంత బయటికొస్తుంది. హిమోగ్లోబిన్‌కు కూడా పెరాక్సిడేజ్ లాంటి గుణం ఉంది కాబట్టి, వాష్ సరిగ్గా లేకుంటే అదీ రంగు పుట్టిస్తుంది. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ లాంటి చోట్ల పీహెచ్‌సీలో తీసిన రక్తాన్ని గడ్డతో సహా జీపులో పంపితే తొవ్వ గతుకులకు కణాలు పగిలే ప్రమాదం ఎక్కువ. అక్కడే తిప్పి, సీరం వేరుచేసి, మూత బిగించి చల్లటి డబ్బాలో పంపాలి. ట్యూబును నేరుగా ఐస్ మీద పెట్టకూడదు.

ఫెర్రిటిన్ గట్టి ప్రోటీనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య కొన్ని రోజులు ఉంటుంది, అంతకు మించితే మైనస్ 20. ఎన్నాళ్లన్నది ఇన్సర్ట్ చెప్పినట్టే నడవండి. సీరంను మొదటిరోజే చిన్న ట్యూబుల్లోకి పంచి గడ్డకట్టించండి, ఒకే ట్యూబును పదేపదే కరిగించొద్దు. కరిగిన సీరంలో పైన పలచగా, కింద చిక్కగా ఉంటుంది. మెల్లగా పదిసార్లు తలకిందులు చేసి కలిపాకే పైపెట్ పెట్టాలి. దీన్ని మరిచేవాళ్లు చాలామంది.

ఫారం మీద రెండు ప్రశ్నలు అచ్చేయించండి. ఒకటి, జుట్టుకో గోళ్లకో బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు స్ట్రెప్టావిడిన్ కిట్లలో ఫెర్రిటిన్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. రెండోది, ఈ మధ్య ఐరన్ సూదులు వేశారా? రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కించాక కొన్ని వారాలపాటు ఫెర్రిటిన్ పైకి లేచి ఉంటుంది. అప్పుడు కొలిస్తే నిల్వ నిండినట్టు కనిపిస్తుంది, అది నిజం కాదు.

నీళ్లు, ఎండ, కరెంటు

వాష్ బఫర్‌కు డిస్టిల్డ్ లేదా డీఅయనైజ్డ్ నీళ్లే కావాలి. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి చెప్పక్కర్లేదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాను తాగడానికి మంచిదే, ల్యాబుకు కాదు. బంకుల్లో, షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్ల నాణ్యత డబ్బాకో రకంగా ఉంటుంది, ఆ పనీ వద్దు. 20 రెట్లు చిక్కటి బఫర్ 50 మిల్లీలీటర్లకు 950 నీళ్లు కలిపితే లీటరు అవుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న చిక్కటి బఫర్ అడుగున గాజు ముక్కల్లాంటి ఉప్పు పేరుకుంటుంది. 37 డిగ్రీల నీళ్లలో సీసాను పెట్టి అది పూర్తిగా కరిగాకే కొలవాలి. పైపైన తేటను మాత్రమే పోసుకుంటే ఉప్పు తగ్గిన బఫర్ తయారవుతుంది, బ్లాంకు (సున్నా వెల్) కూడా రంగెక్కుతుంది. బఫర్ పాడుకాకుండా సోడియం ఎజైడ్ కలిపే అలవాటు వేరే పరీక్షల నుంచి వస్తుంది. ఇక్కడ కలిపితే హెచ్‌ఆర్‌పీ చచ్చిపోతుంది.

ఇన్సర్ట్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసింది చదివి మోసపోవద్దు. చాలావరకు దాని అర్థం 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో మన గది అంటే ఏసీ లేకుంటే 35 పైమాటే. వేడికి ఎంజైము జోరుగా పనిచేస్తుంది, పై స్టాండర్డ్ల రంగు రీడర్ (రంగు కొలిచే మెషిన్) చదవగలిగినదాన్ని దాటిపోతుంది, ప్లేటు అంచున ఉన్న వెల్స్ నడిమివాటికంటే ముందు వేడెక్కుతాయి. డిసెంబర్ పొద్దుగాల గది 18కి దిగితే మొత్తం ప్లేటు పాలిపోతుంది. ఏసీ వేసిన గది, గోడకు థర్మామీటర్, ఆ అంకె ప్రతి ప్లేటు షీటులో. ఇన్‌క్యుబేటర్ ఉంటే ఇంకా మేలు. ఫ్యాను కింద గానీ ఏసీ గాలి నేరుగా తగిలేచోట గానీ ప్లేటు పెట్టొద్దు, వెల్స్ అంచులు ఆరిపోతాయి.

కిట్ ఫ్రిజ్ నడిమి అరలో ఉండాలి, డోరులో కాదు, ఫ్రీజర్ గోడకు ఆనించీ కాదు. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినప్పుడు చల్లదనం కొంతసేపు నిలుస్తుంది. రీడర్‌కు స్టెబిలైజర్, యూపీఎస్ రెండూ కావాలి. స్టాప్ సొల్యూషన్ పోశాక కరెంటు పోతే ఆ ప్లేటు పోయినట్టే.

ప్లేటు వేయడం

రీజెంట్లు, శాంపిళ్లు అన్నీ ముందే బయటపెట్టి గది వేడికి రానివ్వండి, అరగంట పైనే పడుతుంది. స్ట్రిప్‌ల సంచి చల్లగా ఉండగా విప్పితే లోపల తేమ పడుతుంది. కావాల్సిన స్ట్రిప్‌లు తీసి, మిగిలినవి సిలికా పొట్లంతో సహా వెంటనే మూసేయండి. వేర్వేరు లాట్ల (తయారీ బ్యాచుల) రీజెంట్లు కలపొద్దు.

ఆరు స్టాండర్డ్లు, రెండు కంట్రోళ్లు (ఎంత రావాలో ముందే తెలిసిన, తనిఖీకి వేసే శాంపిళ్లు), అన్నీ రెండేసి వెల్స్‌లో వేస్తే 16 పోతాయి. మిగిలిన 80లో 40 మంది పేషెంట్లు పడతారు. కొత్తవాళ్లు నిండు ప్లేటు జోలికి పోకుండా నాలుగు స్ట్రిప్‌లతో మొదలుపెట్టడం మంచిది: 32 వెల్స్‌లో 16 పోగా ఎనిమిది మంది. ఒంటి పైపెట్‌తో వెల్‌కు ఐదు సెకన్లు పట్టినా 96కు ఎనిమిది నిమిషాలు. మొదటి వెల్‌లో ఫెర్రిటిన్ అప్పటికే అంటుకుంటూ ఉంటుంది, చివరి వెల్ ఇంకా ఖాళీగా ఉంటుంది. దీన్ని తప్పించే ఉపాయం ఒకటుంది. సీరంలను ముందుగా ఒక మామూలు ఖాళీ ప్లేటులో వరసగా సర్దుకుని, ఎనిమిది చానళ్ల పైపెట్‌తో ఒక్కో స్ట్రిప్‌కు ఒక్కసారే మార్చండి. అది లేకుంటే ఒకే కంట్రోల్‌ను ప్లేటు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి వేయండి. రెండింటి మధ్య 10% మించి తేడా వస్తే తప్పు చేతి వేగానిది.

సీరం 20 లేదా 25 మైక్రోలీటర్లు పోసేటప్పుడు ప్రతి శాంపిల్‌కూ కొత్త టిప్పు, ఒకసారి పీల్చి వదిలి తడిపాక అసలు కొలత. టిప్పు కొన వెల్ గోడకు ఆనించి పోయాలి, బయట వేలాడే బొట్టును ట్యూబు అంచుకు తాకించి వదిలించుకోవాలి. ఈ పరిమాణంలో ఆ ఒక్క బొట్టే పది శాతం. పైపెట్ మీద అనుమానం ఉంటే 100 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ నీళ్లు పదిసార్లు తూకం వేయండి. ఒక్కోటి సుమారు 0.1 గ్రాము రావాలి. సగటు 2% మించి తేడా ఉంటే కాలిబ్రేషన్‌కు పంపాలి.

తర్వాత కాంజుగేట్, సాధారణంగా 100 మైక్రోలీటర్లు. ప్లేటును బల్ల మీదే 20, 30 సెకన్లు మెల్లగా తిప్పి కలిపి, పైన సీలర్ అంటించి, కిట్ చెప్పినంతసేపు ఉంచండి. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.

ఇక వాష్. ఎలీసాలో సగం తప్పులు ఇక్కడే. ప్లేటును సింకులోకి ఒక్క విదిలింపుతో వంచి, వెల్‌కు 300 నుంచి 350 మైక్రోలీటర్లు అంచుదాకా నింపి, అర నిమిషం ఆగి, మళ్లీ విదిలించాలి. మూడుసార్లో ఐదుసార్లో కిట్ చెప్పినన్నిసార్లు. పొంగిపొర్లితే పక్క వెల్‌లోని కాంజుగేట్ ఇటు వస్తుంది. చివర్లో నూలు రాలని టిష్యూ పేపర్ల దొంతర మీద ప్లేటును బోర్లించి గట్టిగా తట్టండి. పేపరు మీద గుండ్రటి తడి మచ్చలు పడతాయి. కొత్త పేపరు మీద తట్టినా మచ్చలు రాకుండా పోయేదాకా తట్టాలి. ఆ వెంటనే టీఎంబీ పోయాలి, ఆరిపోయిన వెల్‌లో ఎంజైము పని మందగిస్తుంది. ఆటోమేటిక్ వాషర్ వాడేవాళ్లు వారానికోసారి సూదులు చూడండి. ఒక్క సూది మూసుకుపోతే ఎప్పుడూ అదే వరస, ఉదాహరణకు సీ వరస, ఎక్కువ చూపిస్తుంది.

టీఎంబీ 100 మైక్రోలీటర్లు, చీకట్లో 15 లేదా 20 నిమిషాలు. సీసాలోంచి కావాల్సినంతే విడి గిన్నెలోకి పోసుకోండి, మిగిలింది తిరిగి సీసాలో పోయొద్దు. పోయకముందే లేత నీలంగా ఉంటే కాంజుగేట్ తగిలిందనే అర్థం, పారబోయడమే. కాంజుగేట్‌కు వాడిన గిన్నెను ఎంత కడిగినా టీఎంబీకి వాడకండి. నీలం ఎక్కుతుండగా ఒకసారి ప్లేటు చూడండి. స్టాండర్డ్లు మెట్లు మెట్లుగా చిక్కబడుతూ, సున్నా వెల్ తేటగా ఉండాలి. ఇక్కడే తేడా తెలిసిపోతుంది, రీడర్ దాకా ఆగక్కర్లేదు.

స్టాప్ సొల్యూషన్‌ను టీఎంబీ పోసిన వరసలోనే, అదే వేగంతో పోయండి. మొదట పోసిన వెల్ మొదట ఆగాలి. బుడగలుంటే శుభ్రమైన సూదితో పొడవండి. 450 నానోమీటర్ల దగ్గర, 620 లేదా 630 రెఫరెన్సుతో, 15 నిమిషాల్లోపు చదవాలి. రీడర్‌ను పావుగంట ముందే ఆన్ చేసి ఉంచాలి.

లెక్క కట్టడం

ముందు జంటలు చూడండి. ఉదాహరణకు ఒక శాంపిల్ ఓడీలు (రీడర్ చూపే రంగు చిక్కదనం) 0.842, 0.910. సగటు 0.876. తేడా 0.068ని 1.414తో భాగిస్తే 0.048, అది సగటులో 5.5%. దీన్నే సీవీ అంటారు, 10% లోపు కాబట్టి పర్వాలేదు. 0.42, 0.61 వస్తే సీవీ 26%. సగటు తీసి రాసేయడం కాదు, మళ్లీ వేయాలి.

స్టాండర్డ్ల ఓడీల మీద గీత కట్టేటప్పుడు ఎక్సెల్‌లో సూటి గీత వేసి ఆర్ స్క్వేర్ (గీత ఎంత సరిపడిందో చెప్పే అంకె) 0.98 వచ్చిందని సంబరపడొద్దు. ఎలీసా వంపు ‘ఎస్’ ఆకారంలో ఉంటుంది. సూటి గీత కింది కొసను, అంటే మనకు అన్నిటికంటే ముఖ్యమైన 15 దగ్గరి భాగాన్ని, వంకర చేస్తుంది. ఆ వంపుకు సరిపడే నాలుగు పారామీటర్ల లాజిస్టిక్ ఫిట్ వాడండి, రీడర్ సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఉంటుంది. లేకుంటే పాయింట్ నుంచి పాయింట్‌కు గీత కలపడం సూటి గీత కంటే నయం: 50 స్టాండర్డుకు ఓడీ 0.310, 150కి 0.880 అనుకుంటే, 0.595 వచ్చిన శాంపిల్ నడిమిన పడుతుంది, అంటే 100. కట్టిన గీతలోకి స్టాండర్డ్ల ఓడీలనే తిరిగి పెట్టి చూడండి. 10 స్టాండర్డు 17గా తిరిగొస్తే ఆ గీతతో రిపోర్టు ఇవ్వకూడదు.

కంట్రోళ్లు ఇన్సర్ట్ ఇచ్చిన హద్దుల్లో ఉంటేనే మిగతావి చదవండి. ప్రతి ప్లేటు కంట్రోల్‌ను లెవీ జెన్నింగ్స్ చార్టు (కంట్రోల్ అంకెల గ్రాఫు) మీద చుక్క పెట్టుకుంటూ పోతే, వరసగా రెండుసార్లు ఒకేవైపు 2 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) దాటడం కంట పడుతుంది. అప్పుడు ప్లేటు ఆపి కారణం వెతకాలి.

రంగు చెప్పే తప్పులు

సున్నా వెల్స్‌తో సహా అన్నీ రంగెక్కితే వాష్ చాలలేదు, లేదా టీఎంబీ పాడైంది. అన్నీ పాలిపోతే రీజెంట్లు చల్లగా ఉండగానే పోశారు, లేదా కాంజుగేట్ పాడైంది, లేదా బఫర్‌లో ఎజైడ్ ఉంది. అంచు వెల్స్ మాత్రమే ఎక్కువైతే వేడి తేడా. జంటల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా అక్కడక్కడా వస్తే పైపెట్, ఫైబ్రిన్, బుడగ, ఈ వరసలో వెతకండి. స్టాండర్డ్లు బాగుండి కంట్రోళ్లు రెండూ ఒకే శాతం తగ్గితే, పొడి స్టాండర్డ్లను నీళ్లతో కరిగించినప్పుడు కొలత తప్పి చిక్కగా అయ్యాయా అని చూడాలి.

హుక్ అనేది వేరే రకం మోసం. ఫెర్రిటిన్ వేలల్లో ఉన్నప్పుడు అది రెండు యాంటీబాడీలనూ విడివిడిగా నింపేస్తుంది. జోడీ కుదరక రంగు తగ్గి, 20 వేలున్న సీరం 300గా కనిపించవచ్చు. సీరం, కాంజుగేట్ ఒకేసారి పోసే కిట్లలో ఇది ఎక్కువ, మధ్యలో వాష్ ఉన్న కిట్లలో తక్కువ. తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల సీరం, తీవ్రమైన డెంగీ పేషెంట్ల సీరం వస్తే మామూలుగా ఒకటి, పది రెట్లు పలచన చేసి ఒకటి, రెండూ వేయండి. 20 మైక్రోలీటర్ల సీరంకు 180 డైల్యూయెంట్, వచ్చిన అంకెను పదితో గుణించాలి. పలచన చేసినదాని అంకె మామూలుదానికంటే బాగా ఎక్కువైతే హుక్ ఉన్నట్టే, 100 రెట్లు చేసి మళ్లీ వేయాలి. పై స్టాండర్డు దాటిన శాంపిల్‌ను గీత పొడిగించి లెక్కకట్టడం తప్పు. పలచన చేయాల్సిందే.

రిపోర్టు రాసేటప్పుడు

మిల్లీలీటరుకు నానోగ్రాము అన్నా, లీటరుకు మైక్రోగ్రాము అన్నా అంకె ఒకటే. డబ్ల్యూహెచ్‌ఓ 2020 సూచనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో, మొదటి మూడు నెలల గర్భిణుల్లో 15 కంటే తక్కువైతే ఇనుము లోపం. ఐదేళ్లలోపు పిల్లల్లో 12. ఒంట్లో జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి అప్పుడు పెద్దవాళ్లకు 70, చిన్నపిల్లలకు 30 హద్దు. అందుకే అదే సీరంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) కూడా చేసి పక్కనే రాయడం మంచి పద్ధతి. వట్టి 40 అని రాసిన కాగితం చూసి డాక్టర్ ఏమీ తేల్చలేరు, జ్వరం ఉన్న మనిషిలో 40 అంటే లోపమే కావచ్చు.

ప్లేటు తర్వాత

వాడిన టిప్పులు, స్ట్రిప్‌లు ఎర్ర సంచిలోకి. మిగిలిన సీరంను సోడియం హైపోక్లోరైట్‌లో అరగంట ఉంచాక పారబోయాలి. స్టాప్ సొల్యూషన్ ఉన్న ద్రవాన్ని మాత్రం ఆ హైపోక్లోరైట్ బకెట్లో పోయొద్దు. యాసిడ్, బ్లీచు కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, మూసిన గదిలో ఊపిరాడదు. దానికి వేరే డబ్బా పెట్టి, నురగ ఆగేదాకా వంటసోడా వేసి, ఆ తర్వాతే పారబోయండి.